ఎర్ర గింజల నెత్తురు

మా ఆయనకు దగ్గు మొదలైనప్పుడు రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. కిరసనాయిలు దొరకని కాలం. దీపం లేకుండానే లేచి, చీకట్లో తడుముకుంటూ ఆయన వీపు నిమిరేదాన్ని. పగలు బాగానే తిరిగేవాడు. పొద్దుగూకి, ఇంట్లో అందరూ నడుం వాల్చాక మొదలయ్యేది. ఒకటి వెనక ఒకటి, మధ్యలో ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వని దగ్గు. గొంతులో పిల్లి కూత. పడుకుంటే ఎక్కువయ్యేది, కూర్చుంటే తగ్గేది కాదు. లేచి వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. ఆయన వెనకే నేనూ తిరిగేదాన్ని.

మా అత్తగారి ఊరు గోపాల్‌పేట పక్కన. వాన మీద పండే చెలక భూములు, ఒక మోట బావి, దాని కింద వరి పండే కొంచెం తరి. ముగ్గురన్నదమ్ముల్లో మా ఆయన నడిపివాడు. మనిషి మాటకారి. చిరుతల భజనలో ముందు పాట ఆయనే ఎత్తుకునేవాడు, తక్కినవాళ్లు అందుకునేవాళ్లు. దగ్గు వచ్చిన తర్వాత పాట సగంలో తెగిపోవడం మొదలైంది. మొదట్లో భజనవాళ్లు ఆగి ఎదురుచూసేవాళ్లు. తర్వాత వేరే ఆయన ఎత్తుకోసాగాడు. ఆ రోజు నుంచి ఈయన భజనకు వెళ్లడం మానేశాడు.

వానలు వెనకబట్టేసరికి మనిషి చిక్కిపోయాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. నాడి చూసే వైద్యుడిని పిలిపించారు. వైద్యుడు మా ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత మా బావను, అంటే మా ఆయన అన్నను, పక్కకు తీసుకుపోయి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో మాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. బావ తిరిగి వచ్చి, అక్కడే ఆడుకుంటున్న తన చిన్న కొడుకును చంకనెత్తుకుని లోపలికి వెళ్లిపోయాడు. అది క్షయ అని నాకు అప్పుడే అర్థమైంది.

మర్నాడు అత్త నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"బిడ్డా, నా పెద్దబిడ్డ గిట్లనే దగ్గి దగ్గి పోయింది. దాని పాలు తాగిన సంటిది గూడ దాని యెనకనే పోయింది. ఇంట్ల గిన్ని బుడ్డ పోరగాండ్లున్నరు. నేనేం జెయ్యాలె, నువ్వే జెప్పు."

నా జవాబు కోసం ఆగకుండా ఆమే మళ్లీ అంది.

"వాడు చేను కాడ ఉంటడు. గుడిసె ఏపిస్త. తిండి నేనే తెస్త. నువ్వు తల్లిగారింటికి పో. నీకింక పిల్లలు గూడ గాలేదు."

"నేను గూడ చేనుకే పోత" అన్నాను.

అరుగు మీద కూర్చున్న మా ఆయన ఆ మాట విన్నాడు. "నువ్వు రావొద్దు" అన్నాడు. "వస్త" అన్నాను. ఆ ఇంట్లో, పగటిపూట, అందరూ వింటుండగా నేను ఆయనతో మాట్లాడిన మొదటి మాట బహుశా అదే. పెద్దవాళ్ల ముందు మొగుడితో మాట్లాడే అలవాటు లేని రోజులు.

ఉప్పునుంతల దిక్కునున్న మా తల్లిగారింటి నుంచి మా అన్న బండి కట్టుకుని వచ్చాడు. ఎంత నచ్చజెప్పినా నేను ఎక్కలేదు. "నీ ఇష్టం, నీ రాత" అని ఖాళీ బండి తోలుకుని పోయాడు.

గుడిసె మోట బావి పక్కన వేశారు. జొన్న చొప్ప దడులు, పైన బోద గడ్డి. మాకొక సత్తు గిన్నె, రెండు కంచాలు, ఒక కుండ, ఒక గొంగడి. అత్త రోజూ పొద్దున రొట్టెలు, పులుసు తెచ్చి గట్టు మీద పెట్టి, కాస్త వెనక్కి జరిగి నిలబడేది. నేను తీసుకున్నాక అక్కడి నుంచే గట్టిగా అరిచి మాట్లాడేది. ఆవు ఈనిందని, చిన్నవాడి కాలు బెణికిందని ఇంటి సంగతులన్నీ చెప్పేది. వెళ్లాలనిపించేది కాదు ఆమెకు. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ వెళ్లి, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చేది.

మా ఆయనకు కాలు ఒక్కచోట నిలిచేది కాదు. రాత్రంతా దగ్గిన మనిషి పొద్దున్నే లేచి మడి గట్లు సరిచేసేవాడు. అది సగంలో వదిలేసి మోట తాడు పేనేవాడు. అదీ వదిలేసి చేను చుట్టూ నడిచేవాడు. ఆయాసం వచ్చి కూలబడి, ఊపిరి అందగానే మళ్లీ లేచేవాడు. "జర కూసో" అంటే, "కూసుంటె సావు యాదికొస్తది" అనేవాడు. ఆయనతో పాటు నేనూ తిరిగేదాన్ని.

మోట కొట్టడం ఆ రోజుల్లోనే నేర్చుకున్నాను. తోలు బొక్కెన బావిలో మునిగి నిండగానే ఎడ్లను పల్లంలోకి తోలాలి. బొక్కెన పైకి వచ్చి నీళ్లు కాలువలో పడగానే ఎడ్లను వెనక్కి నడిపించాలి. మా వైపు ఆడవాళ్లు చేసే పని కాదది. ఆయన ఒకరోజు నాలుగు బొక్కెనలకే రొప్పుతూ కూర్చుంటే, నేను ముల్లుగర్ర తీసుకున్నాను. మొదట ఎడ్లు నా మాట వినలేదు. ఆయన నవ్వాడు. ఎన్ని నెలలకో నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గుతూనే నవ్వాడు. మేమిద్దరం రోజంతా మాట్లాడుకునేవాళ్లం. ఆయనకు ఆకాకరకాయ కూర ఇష్టమని, చిన్నప్పుడు అమరచింత సంతలో తప్పిపోయాడని, పెళ్లయి అన్నాళ్లయినా నాకు అప్పుడే తెలిసింది.

ఊరి బయటి పల్లెలో ఉండే ఒక కూలి మనిషి మా చేనులో పల్లికాయ తవ్వడానికి వచ్చేది. వాళ్లు ఒక తరం కిందట కిరస్తానీల్లో కలిసినవాళ్లు. ఆమె పెనిమిటి మట్టి మోసి కట్టలు పోసే కట్ట పనికి రాయచూరు దిక్కు వలస పోయాడు. ఊళ్లో అయితే ఆమె మా అరుగు కింద నిలబడేది, నీళ్లు పైనుంచి పోసేవాళ్లం. గుడిసె దగ్గర అటువంటిదేమీ జరగలేదు. ఆమె వచ్చి నా పక్కనే కూర్చుని సద్ది విప్పింది.

"నీకు భయం లేదా?" అని అడిగాను.

"ఎందుకమ్మా?"

"అందరు దూరం పెడ్తుండ్రు గద."

ఆమె రొట్టె తుంచుకుంటూ, "దూరం పెట్టుడు మీకు కొత్త గాని, మాకు కొత్త గాదు గదమ్మా" అంది. కోపంగా అనలేదు. వాన పడేలా ఉందన్నట్టు అంది.

వనపర్తి దవాఖాన సంగతి చెప్పింది ఆమే. "మిల్ట్రీల పనిచేసిన డాక్టరొకాయన వచ్చిండంట. బర్మా దిక్కు సిపాయిలకు మందులిచ్చిండంట. నెత్తురు తీసి అద్దంల జూస్తడంట. ఒకపారి తీస్కపోరాదమ్మా, పోయేదేముంది?"

అత్తకు చెబితే, పోయిరమ్మని బండి పంపింది.

డాక్టరు నడివయసు మనిషి. చిన్నగా మాట్లాడేవాడు. మా ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి ముందు నుంచీ వెనక నుంచీ విన్నాడు. దగ్గు ఏ పూట ఎక్కువ, కళ్లెలో నెత్తురు పడిందా, కాలికి నారు పురుగు ఎప్పుడన్నా లేచిందా అని అడిగాడు. దిగుడు బావుల నీళ్లు తాగే మా ఊళ్లలో నారు లేవనివాళ్లు తక్కువ. మా ఆయనకూ లేచింది. పిక్క మీద బొబ్బ కట్టి, పగిలి, తెల్లటి దారం లాంటి పురుగు బయటికి వస్తే పుల్లకు చుట్టి రోజుకింత లాగారు. ఆ మచ్చ చూపించాడు. డాక్టరు తలాడించి, కళ్లె ఒక సీసాలో పట్టమన్నాడు. వేలు పొడిచి నెత్తురు చుక్కను గాజు పలక మీద పూశాడు. దాని మీద ఏవో రంగులు పోసి, కడిగి, ఆరబెట్టి, ఇత్తడి గొట్టమున్న యంత్రం కింద పెట్టి ఒంటి కంటితో చూడసాగాడు. చాలాసేపు తల ఎత్తలేదు. నేను బయటికి, లోపలికి, మళ్లీ బయటికి తిరుగుతున్నాను.

"ఏమమ్మా, నువ్వు జర ఆగుతవా? తిరిగి తిరిగి నాకు గూడ పరేషాన్ జేస్తున్నవ్" అన్నాడు. తర్వాత, "దా, నువ్వే జూడు" అన్నాడు.

కన్ను పెట్టాను. మొదట నా రెప్ప వెంట్రుకలే కనిపించాయి. తర్వాత తేటబడింది. లేత గులాబి రంగు బిళ్లలు చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడ పెద్దవి, గుండ్రటివి. ఒక్కో దాని నడుమ నీలంగా రెండు ముద్దలు, ఆ ముద్దల చుట్టూ కిక్కిరిసిన ఎర్రటి గింజలు. సంచి నిండా ఎర్రజొన్నలు పోసి మూతి కట్టినట్టు ఉంది.

"ఆ బిళ్లలు మామూలు నెత్తురు. ఈ గింజలవి తెల్ల కణాలల్ల ఒక జాతి. ఒంట్లకు పరాయిది ఏదన్నా వస్తె కొట్లాడనీకె ఉంటయి. ఇయోసిన్ అని ఒక ఎర్ర రంగు ఉంటది, దాన్ని ఈ గింజలు గుంజుకుంటయి, అందుకే గిట్ల ఎర్రగ కనబడ్తున్నయి. ఆ రంగు పేరే ఈ కణాలకు పెట్టిండ్రు, ఇయోసినోఫిల్ అని. మంచిగున్న మనిషికి నూరు తెల్ల కణాలల్ల ఇవి రెండో మూడో ఉంటయి. నీ పెనిమిటికి సగానికి మీద ఇవే ఉన్నయి. ఊపిరితిత్తులల్ల గుంపులు గుంపులుగ జేరి వాపు తెచ్చినయి. ఆ వాపుకు గాలి పోయే గొట్టాలు సన్నబడ్డయి. ఆ దగ్గు, ఆ పిల్లి కూత దాని వల్లనే."

"నారు వల్లనా?" అని అడిగాను.

"నారుకు గూడ పెరుగుతయి గాని, గింత పెరగవు. ఎందుకు గిట్ల గుమిగూడతయో ఇంకా ఎవ్వరికి పూర్తిగ తెల్వదు. సిపాయిలల్ల జూసిన. క్షయ అనుకుని వేరే పెట్టినోండ్లల్ల గూడ జూసిన. కళ్లె ఇంకో రెండు పార్లు జూస్త. గాని ఇది క్షయ గాదమ్మా."

నాకు ఏడుపు రాలేదు, సంతోషం కూడా రాలేదు. బయటికి వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, మళ్లీ లోపలికి వెళ్లి, "క్షయ గాదా?" అని అడిగాను. "గాదు." మళ్లీ బయటికి వచ్చాను. ఎడ్లకు గడ్డి వేసి, చేతులు దులుపుకుని, ఇంకోసారి వెళ్లి అడిగాను. "ఎన్నిసార్లు అడిగినా గదే జెప్త" అని నవ్వాడాయన.

వనపర్తి డాక్టరు అప్పట్లో తెలియదన్నది తర్వాతి కాలంలో కనిపెట్టారు. చాలా ఏళ్లకు మా ఆయనకు అదే దగ్గు తిరగబెడితే, మాత్రలిచ్చి తొందరగా నయం చేసిన మరో డాక్టరు వివరంగా చెప్పాడు. దోమకాటుతో ఒంట్లో చేరిన సన్నటి పురుగులు పిల్లలు పెడితే, కొందరి ఊపిరితిత్తుల్లో అవి చిక్కుకుంటాయట. పురుగు ఈ కణాల కన్నా చాలా పెద్దది. మింగడానికి వీలుకాదు. అందుకని చుట్టూ మూగి, తమలోని గింజలను దాని మీద గుమ్మరిస్తాయట. ఆ గింజల్లో ఉండేది విషమే. పురుగును చంపే ఆ విషం పక్కనున్న మెత్తటి ఊపిరితిత్తిని కూడా కమిలేలా చేస్తుంది. అడవి పందిని తరమబోయి చేనుకే నిప్పు పెట్టుకున్నట్టన్నమాట. మనిషిని బాధపెట్టేది పురుగు కంటే ఎక్కువగా దాని మీద జరిగే ఆ యుద్ధమేనట.

వనపర్తి డాక్టరు కళ్లె మళ్లీ మళ్లీ చూసి, నిశ్చయం చేసుకున్నాకే మందు మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో దానికున్న మందు పాషాణం. నరంలోకి సూదితో ఎక్కించాలి, వారానికొకసారి. మా ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అది సంపుడు మందు గద, సాబ్?"

"ఊకె మింగితె సంపుతది. దీంట్ల దాన్ని వేరేగ జేసి కలిపిండ్రు. ఒక మాట మాత్రం ఇనుండ్రి. మొదటి సూదికి దగ్గు పెరగొచ్చు, జరం రావొచ్చు. భయపడి మానుకోకుండ్రి."

అన్నట్టే అయింది. తిరిగి వచ్చిన రోజే ఒళ్లు కాలిపోయింది. దగ్గు అంతకు ముందు కంటే రెండింతలైంది. దగ్గీ దగ్గీ పక్కటెముకలు పట్టేశాయి. మాట్లాడలేక చేత్తో సైగలు చేసేవాడు. ఆ సంగతి తెలిసి బావ గట్టు దాకా వచ్చాడు.

"పాషాణం ఎక్కిచ్చిండంట గద! ఉన్న నాలుగు దినాలన్న బతకనియ్యరా వాన్ని? ఇగ బండి లేదు, ఏం లేదు. ఎవ్వరూ పోవొద్దు."

"పెరుగుతదని డాక్టరు ముందుగాలనే జెప్పిండు, బావా."

"నువ్వు సప్పుడు జెయ్యకు."

బావ వెళ్లిపోయాడు. గుడిసె చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. ఆయన పరిస్థితి చూస్తే బావ అన్నది నిజమేమో అనిపించేది. ఆ ఎర్ర గింజలు గుర్తుకు వస్తే డాక్టరు అన్నది నిజమనిపించేది. నా కంటితో చూశాను కదా. నాడి పట్టిన వైద్యుడు ఏం చూశాడో నాకు తెలియదు, ఇది మాత్రం నేను చూశాను. నడిపించుకుని అయినా తీసుకుపోవాలనుకున్నాను. రెండో సూది రోజున తెల్లవారగానే ఆయనను లేపి, గొంగడి కప్పి, బాట మీదికి తెచ్చాను. అప్పటికే అక్కడ మా బండి నిలబడి ఉంది. మా మరిది పగ్గాలు పట్టుకుని ఉన్నాడు. వెనక అత్త కూర్చుని ఉంది.

"ఎక్కుండ్రి. పెద్దోనికి నేను జెప్పుకుంట" అంది.

కొడుకు ఎక్కగానే తల తన ఒళ్లోకి లాక్కుంది. గట్టు మీద దూరంగా నిలబడి అరిచి మాట్లాడిన మనిషి దారి పొడవునా ఆ తల నిమురుతూ కూర్చుంది.

రెండో సూదికి జ్వరం తగ్గింది. ఆ తర్వాతి వాటికి పిల్లి కూత సన్నబడింది. ఒకనాడు ఆయన గొంగడి పరిచి పడుకుని, తెల్లారేదాకా లేవలేదు. నిద్ర పట్టనిది నాకు. దగ్గు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని ఎదురుచూస్తూ, ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తూ కూర్చున్నాను. డాక్టరు మళ్లీ నెత్తురు చూసి, గింజల కణాలు బాగా తగ్గాయన్నాడు. ఈసారి నేను చూస్తే, వెతికితే గాని ఒకటి కనిపించలేదు.

ఇంటికి వచ్చేశాం. బావ ఎదురొచ్చి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. భజనవాళ్లు ఇంటికి వచ్చి పిలుచుకుపోయారు. మా ఆయన ముఖం నిండుకుంది, గొంతు తిరిగొచ్చింది. ఎప్పుడు చూసినా చుట్టూ నలుగురు. నాకు మాత్రం ఏమీ తోచేది కాదు. వడ్లు దంచుతూ మధ్యలో లేచేదాన్ని. పొయ్యి ముందు కూర్చుంటే ఊపిరాడనట్టు ఉండేది. వాకిట్లోకి వచ్చి ఎందుకు వచ్చానో తెలియక నిలబడేదాన్ని. ఆయనతో మాట్లాడి ఎన్నో రోజులయ్యేది. ఎదురుపడినా మళ్లీ పాత పద్ధతే, ఆయన అటు, నేను ఇటు.

ఆ ఎండాకాలం మా కూలి మనిషి పెనిమిటి కట్ట పని నుంచి దగ్గుతూ తిరిగి వచ్చాడు. నాకు కాళ్లలో బలం వచ్చింది. "ఇది గదే, మా ఆయనకు వచ్చిందే! పదుండ్రి" అని మా ఆయనతో బండి కట్టించి, మొగుడూ పెళ్లాలిద్దరినీ వనపర్తి తీసుకుపోయాను. డాక్టరు నెత్తురు చూశాడు, కళ్లె చూశాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"గింజల కణాలు మామూలుగనే ఉన్నయి. కళ్లెల క్షయ పురుగులు కనబడ్డయి."

"ఆ మందే ఇయ్యరాదు సాబ్, ఒకపారి."

"అది దీనికి పనిజెయ్యదమ్మా. ఉన్న బలం గూడ తీస్తది."

ఆమెకు ఆ మాట నేనే చెప్పాను. ఆమె విని, మొగుడి తలగుడ్డ విప్పి, మళ్లీ సరిగా చుట్టింది. ఆయన్ని కొన్నాళ్లు దవాఖానలోనే ఉంచుకుంటామంటే, ఆమె తోడుగా ఆగింది.

బయలుదేరే ముందు నేను డాక్టరు ముందు వేలు చాపాను. "నా నెత్తురు గూడ జూడు సాబ్. నాకు కాలు నిలుస్తలేదు, నిద్ర వస్తలేదు."

ఆయన నిజంగానే చూశాడు. "నీ నెత్తురు మంచిగుంది. ఇంట్ల ఎంతమంది ఉంటరు?"

"పద్నాలుగు మందిమి."

"చేను కాడ?"

"ఇద్దరం ఉంటుంటిమి" అన్నాను. మా ఆయన గుమ్మం దగ్గరే ఉన్నాడు, అంతా విన్నాడు.

బండి సగం దూరం వచ్చిన తర్వాత ఆయన అడిగాడు.

"నీకు గా గుడిసె యాదికొస్తుందా?"

"వస్తది."

"వాని ముఖం జూసినవా ఇయ్యాల? నేను గా గుడిసెల గట్లనే ఉంటి. పొద్దుగూకితే, రేపు లేస్తనో లేదో అనుకుంట పండుకుంటి. నీకు గదే సంబురమైందా?"

"నువ్వు సస్తవని నాకు ఒక్కనాడు గూడ అనిపియ్యలే" అన్నాను. "నువ్వు మాట్లాడుతుంటివి. గంతే."

ఆయన ఎడ్లను అదిలించాడు. ఆ తర్వాత కొన్నాళ్లు ఇంట్లో నా వైపు చూడలేదు. కోపమో, ఇంకేమిటో నాకు తెలియలేదు.

ఆ కూలి మనిషి పెనిమిటిని దవాఖాన నుంచి తెచ్చాక, వాళ్ల పల్లెలో ఇరుకు గుడిసెలో పిల్లలతో కలిపి ఉంచడానికి ఆమె భయపడింది. మా చేను గుడిసె ఖాళీగా ఉంది. ఇద్దామని నేను అడగక ముందే మా ఆయన వెళ్లి, పాత గడ్డి పీకి కొత్తది కప్పి వచ్చాడు. బావ గొణిగాడు గాని అడ్డుచెప్పలేదు. ఆ మనిషి అక్కడే వానలు చూశాడు, చలికాలం చూడలేదు. ఆమె కొన్నాళ్లు మా చేనులోనే పని చేసి, పిల్లలను తల్లి దగ్గర వదిలి కట్ట పనికి గుంపుతో వెళ్లిపోయింది. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది.

చలికాలపు యాసంగి నాట్లప్పుడు మా ఆయన మోటకు పోతూ, వాకిట్లో అందరూ వింటుండగా అత్తతో గట్టిగా అన్నాడు: "నాకు సద్ది పొద్దుగాల వద్దు. పగటాల్లకు ఆమెను తెమ్మను."

ఆ రోజు నుంచి నేనే తీసుకుపోయేదాన్ని. ఆయన తింటుంటే నేను మోట కొట్టేదాన్ని. ఆయన నోట్లో ముద్ద పెట్టుకునే ఎడ్లను గదమాయించేవాడు, నన్ను గదమాయించేవాడు, ఊరి సంగతులన్నీ చెప్పేవాడు. ఒకరోజు బయలుదేరుతుంటే అత్త ఆపింది.

"పొద్దుగాల వాడే పట్కపోతె అయిపోయేదానికి, ఎండల నువ్వెందుకే గంత దూరం నడుస్తవ్?"

"నడవకపోతె నాకు తోచదత్తా" అన్నాను.

ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, నా నెత్తి మీది సద్ది గంప కింద పక్కకు జరిగిపోయిన చుట్టకుదురును సరిచేసి, "జల్ది రా" అంది.